రై ఊళ్ళో కొన్న ఇంగ్లీషు పల్లె బొమ్మ: చేత్తో రంగులేసిన ఎచింగ్ మీద నా రివ్యూ

మా హాల్లో సోఫా వెనకాల గోడ ఏడాదిన్నర బోసిగానే ఉంది. ఇంగ్లండ్‌లో కెంట్ జిల్లాలో ఉండే ఆష్‌ఫర్డ్‌లో ఇల్లు కొన్నప్పట్నుంచీ ఆ గోడ మీద మా ఇంట్లో ఒక చిన్న సైజు అసెంబ్లీ సమావేశం నడుస్తూనే ఉంది, మా ఆయనేమో పెద్ద టీవీ ఇటు తిప్పి పెట్టేద్దాం అంటాడు, నేనేమో ఏదైనా మంచి బొమ్మ పెడదాం అంటా. బొమ్మ అంటే ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళల్లో ఎవరింటికెళ్ళినా అదే కాన్వాస్, నలుపు తెలుపులో బిగ్ బెన్, ముందు ఎర్ర బస్సు ఒక్కటే రంగులో. ఆ బస్సు నేను కనీసం ఏడు ఇళ్ళల్లో చూశా, ఎనిమిదోది నా ఇంట్లో పెట్టే ఉద్దేశం లేదు.

అలా ఒక శనివారం రై వెళ్ళాం. రై అంటే మనకి బస్సు కండక్టర్ గుర్తొస్తాడు కదా, ట్రైన్ ఎక్కినప్పట్నుంచీ మా బుడ్డోడు రై రై అని ఒకటే అరుపులు, ఆపలేకపోయాం. ఆష్‌ఫర్డ్ నుంచి చిన్న ట్రైన్, రెండు మూడు పెట్టెలు, గొర్రెలు మేసే చిత్తడి పొలాల మధ్యలోంచి వెళ్తుంది. ఊరు గుట్ట మీద, మెర్మెయిడ్ స్ట్రీట్ అనే వీధంతా గుండ్రాళ్ళు పరిచి ఉంటుంది, చెప్పులేసుకుని వెళ్తే మడమలు అయిపోతాయి. పాత సామాన్ల షాపులు బోలెడు. అందులో నాలుగు మెట్లు దిగి వెళ్ళే ఒక షాపు, మన పాత పుస్తకాల షాపుల వాసనే, చెక్క పెట్టెల్లో బొమ్మలన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి నిలబెట్టింది ఒక పెద్దావిడ. పెళ్ళి చీరలు తిరగేసినట్టు తిరగేసుకోవచ్చు, ఏమీ అనదు.

అక్కడ దొరికింది ఈ ఎచింగ్, అంటే రాగి రేకు మీద గీసి కాయితం మీద అచ్చు తీసిన బొమ్మ. బొమ్మ సుమారు ఏ4 కాయితం అంత, చుట్టూ తెల్ల అంచు వదిలి. కెంట్ జిల్లాలో ఒక పల్లె, సెప్టెంబరు నెల, హాప్స్ కోతలు. హాప్స్ అంటే బీరులో వేసే పువ్వులు, తీగెలు ఎత్తు గుంజలకి పాకి ఉంటాయి, చూట్టానికి అచ్చం మన తమలపాకు తోట. బొమ్మలో ఎడమ పక్క ఆ తోట, మధ్యలో చర్చి, దాని ముందు గడ్డి మైదానంలో క్రికెట్, కుడి పక్క పబ్బు, పబ్బు ముందు బల్ల మీద నలుగురు ముసలాళ్ళు, బల్ల కింద కుక్క, కుక్క నోట్లో సాసేజ్, ఆ సాసేజ్ దండ ఎక్కడిదా అని వెనక్కి చూసుకుంటూ పోతే అది మాంసం కొట్టు కిటికీ దాకా ఉంటుంది. చర్చి ఫాదరు సైకిలుతో సహా బాతుల చెరువులో పడుతున్నాడు, ఒక కాలు నీళ్ళల్లో ఒక కాలు గాల్లో. బాతులకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. నేను ఆ షాపులో నిలబడి ఇరవై నిమిషాలు చూశానంటే మీరు నమ్మరు, మా ఆయన బయటికెళ్ళి కాఫీ తాగి వచ్చి, బుడ్డోడికి చిప్స్ కొనిచ్చి, మళ్ళీ వచ్చినా నేను అక్కడే ఉన్నా.

రేటు 120 పౌండ్లు, ఫ్రేమ్ లేకుండా. మన లెక్కలో పదమూడు వేల దాకా. "ఒక కాయితానికా" అన్నాడు మా ఆయన తెలుగులో, మొహం మాత్రం నవ్వుతూ పెట్టి. ఆవిడకి తెలుగు రాదు గానీ ఆ టోన్ ఏ భాషలోనైనా అర్థమవుతుంది అనుకుంటా, సొరుగులోంచి ఒక పాత రాగి రేకు తీసి నా చేతిలో పెట్టింది. ఈ బొమ్మది కాదు, వేరేదేదో, కానీ పద్ధతి అదే. చల్లగా, బరువుగా, మన ఇత్తడి పళ్ళెం పట్టుకున్నట్టు ఉంది, మీద సన్న గీతలు, వేలితో రాస్తే గోటికి తగుల్తాయి.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతవరకు చెప్తా. రాగి రేకు మీద మైనంలాంటి పూత పూస్తారు, దాని మీద సూదితో బొమ్మ గీస్తారు, అప్పుడు గీసిన చోటల్లా పూత పోయి రాగి బయటపడుతుంది. రేకుని యాసిడ్‌లో ముంచితే బయటపడ్డ గీత దగ్గరే తినేసి గాడి పడుతుంది. ఎక్కువసేపు ఉంచితే లోతు గాడి, నల్లటి గీత, తక్కువసేపైతే సన్న గీత. దూరంగా కొండలు లేతగా, ముందున్న చెట్టు గాఢంగా రావాలంటే సన్నగా కావాల్సిన గీతల మీద మళ్ళీ పూత పూసి మిగతాది మళ్ళీ ముంచాలి, అట్లా ఎన్నిసార్లో. తర్వాత పూతంతా తీసేసి రేకు నిండా ఇంకు రుద్ది, పైన ఉన్నదంతా గుడ్డతో తుడిచేస్తే గాళ్ళల్లో ఉన్నది మాత్రం ఉంటుంది. దాని మీద తడి కాయితం వేసి, పైన మందంగా ఉన్ని దుప్పట్లు వేసి, రోలర్ల మధ్యలోంచి చెరుకు మిషన్‌లో గడ తోసినట్టు తోస్తే కాయితం గాళ్ళల్లోకి వెళ్ళి ఇంకు లాక్కుని వస్తుంది. ఒక్క కాపీ అయ్యాక మళ్ళీ ఇంకు, మళ్ళీ తుడవటం, మళ్ళీ తడి కాయితం. నూటయాభై కాపీలంటే నూటయాభై సార్లు ఇదే. అప్పటికి వచ్చింది నలుపు తెలుపు బొమ్మే. ఆరాక ఒక్కో కాపీకి బ్రష్ పట్టుకుని వాటర్ కలర్ వెయ్యాలి. ఇంత విన్నాక మా ఆయన మొహంలో ఆ కృత్రిమ నవ్వు పోయి మామూలు మొహం వచ్చింది.

నన్ను కొనిపించింది మాత్రం ఇది కూడా కాదు. ఆ పెట్టెలో అదే బొమ్మ రెండు కాపీలున్నాయి. అడుగున పెన్సిల్‌తో ఒకదాని మీద 38/150, అంటే నూటయాభై కాపీల్లో 38వది, ఇంకోదాని మీద 112/150. రెండూ పక్కపక్కన పెట్టింది ఆవిడ. గీతలన్నీ ఒకటే, రంగులు మాత్రం కావు. 38లో ఆకాశం తెల్లారగట్ల ఆకాశం, లేత నీలం కింద కొంచెం గులాబీ. 112లో వానొచ్చే ముందర ఆకాశం, బూడిద రంగు నీళ్ళు కాయితం మీద పారి ఒక చోట మేఘం తనంతట తనే అయిపోయినట్టుంది. పబ్బు తలుపు ఒకదాంట్లో ఆకుపచ్చ, ఇంకోదాంట్లో ఎరుపు. బుడ్డోడు కనిపెట్టిన తేడా ఇంకా బాగుంది, 38లో కుక్కకి ఒక చెవి గోధుమ రంగు, 112లో ఆ చెవికి రంగు వెయ్యడం మర్చిపోయారు, తెల్లగా వదిలేశారు. నేను ఆ చెవి మర్చిపోయిన కాపీయే తీసుకున్నా. వేసేవాళ్ళు నూట పన్నెండో కుక్క దగ్గరికొచ్చేసరికి టీ తాగటానికి లేచారేమో.

ఆర్టిస్ట్ ఎవరని అడక్కండి, సంతకం పెన్సిల్‌తో కోడి గీకినట్టుంది, ఆవిడక్కూడా చదవరాలేదు, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన సామాన్లలో వచ్చాయంది. ఈ రకం బొమ్మలకి ఇప్పటి కాలంలో బాగా తెలిసిన పేరు గ్రాహమ్ క్లార్క్, 1941లో పుట్టాడు, మా పక్కనే మెయిడ్‌స్టోన్ దగ్గర బౌటన్ మోంచెల్సీ అనే పల్లె, పైన ఆర్చిలా గుండ్రంగా ఉండే ఎచింగ్‌లు ఆయన గుర్తు, లోపలంతా జోకులే. నాది ఆర్చి కాదు, నాలుగు మూలలదే, ఆయనది కాదు, ఆయన్ని చూసి వేసినట్టుంది అని షాపావిడ మాట. అది తెలిసే కొన్నా.

అసలు చేత్తో రంగులేసే ఈ యాపారం కొత్తది కాదట. రౌలండ్‌సన్ అని ఒకాయన, 1757లో పుట్టి 1827లో పోయాడు, గుర్రబ్బళ్ళు, సత్రాలు, తాగుబోతులు, లావుపాటి ఫాదర్లు, ఇవే ఆయన సరుకు. లండన్‌లో స్ట్రాండ్ వీధిలో అకెర్మాన్ అనే ఆయన షాపు ఉండేది, రౌలండ్‌సన్ ఒక కాపీకి రంగులేసి ఇస్తే దాన్ని ఎదురుగా పెట్టుకుని రంగులద్దేవాళ్ళు వరసగా కూచుని మిగతా కాపీలకి వేసేవాళ్ళు. పెన్సిల్, పెయింటు పట్టుకుని పల్లెల అందం వెతుక్కుంటూ ముసలి గుర్రమెక్కి తిరిగే డాక్టర్ సింటాక్స్ అనే బడిపంతులు ఫాదరు మీద రౌలండ్‌సన్ వేసిన బొమ్మలు 1812లో పుస్తకంగా వచ్చి తెగ అమ్ముడయ్యాయి, అందులో ఆయన నీళ్ళల్లో పడే బొమ్మ ఒకటుంది. అది చూశాక నా బొమ్మలో చెరువులో పడే ఫాదరు ఎక్కణ్ణుంచి వచ్చాడో అర్థమైంది. రెండొందల ఏళ్ళుగా పడుతూనే ఉన్నాడు పాపం.

రంగుల్లేని ఎచింగ్‌లది ఇంకో దారి, అదీ పల్లెలదే గానీ నవ్వులుండవు. శామ్యూల్ పామర్ కుర్రతనంలో మా కెంట్‌లోనే షోరమ్ అనే పల్లెలో ఉన్నాడు, పెద్దయ్యాక ఎచింగ్ పట్టుకున్నాడు, రంగు లేకుండానే చీకటి, వెలుతురు వస్తాయి ఆయన బొమ్మల్లో, సాయంత్రం దీపాల వేళ మన ఊళ్ళల్లో ఉంటుందే అలాంటి వెలుతురు. విల్ట్‌షైర్‌లో రాబిన్ టానర్ అని ఇంకొకాయన, గడ్డివాముల్లో ఒక్కో పరక లెక్కపెట్టుకోవచ్చు, కానీ ఆయన మంచి ఊపులో ఉన్నప్పుడే 1929లో అమెరికా షేర్ మార్కెట్ కూలింది, దాంతో ఎచింగ్‌లు కొనేవాళ్ళూ పోయారు, ఆయన తర్వాత స్కూల్ ఇన్‌స్పెక్టర్‌గా చేశాడు. ఇది ఎందుకు చెప్తున్నానంటే పాత నలుపు తెలుపు బొమ్మలకి తర్వాత ఎవరో రంగులేసి అమ్మటం ఈ యాపారంలో మామూలే, రంగు కొత్తగా పచ్చిగా మెరుస్తూ కాయితం మాత్రం పాతగా పచ్చబడి ఉంటే ఆ రంగు ఎప్పటిది అని అడగండి. అడిగితే మంచి షాపువాళ్ళు చెప్తారు, నసిగారంటే వచ్చెయ్యండి.

నేను ఇంత తెలివిగా మాట్లాడుతున్నా గానీ దీనికి ముందు ఒకసారి మోసపోయా. ఆన్‌లైన్‌లో, పేరు చెప్పను, "చేత్తో రంగులేసిన ఒరిజినల్ ఎచింగ్, ఇంగ్లీష్ కాటేజ్" అని 45 పౌండ్లకి పెట్టాడు. గడ్డి కప్పు ఇల్లు, గుమ్మం పక్కన గులాబీలు, బాగుంది. వచ్చాక చూస్తే ఏదో తేడా. కాయితం నున్నగా, ఎక్కడా ఎత్తు పల్లం లేదు. ఫోన్‌లో మాక్రో పెట్టి గులాబీ పువ్వు మీదకి జూమ్ చేశా, పువ్వు ఎక్కడుంది, నీలం చుక్కలు, పసుపు చుక్కలు, గులాబీ చుక్కలు, అచ్చం న్యూస్‌పేపర్ ఆదివారం అనుబంధంలో సినిమా స్టిల్ లాగా. ప్రింటర్‌లో తీసిన కలర్ కాపీ. వాపస్ పంపితే మూడు వారాలకి డబ్బులొచ్చాయి, పోస్టు ఖర్చు నాకే. అంతకంటే కోపం తెప్పించింది వాడి మెయిల్, "ఇది ఎచింగ్ నుంచి తీసిందే కదా మేడమ్" అంట. తిరుపతి లడ్డు ఫోటో పంపి ప్రసాదం నుంచి తీసిందే కదా అన్నట్టుంది.

కాబట్టి కొనేముందు చూసుకోవాల్సినవి. కాయితాన్ని పక్కకి వాల్చి వెలుతురులో చూస్తే బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గుర్తు పల్లంగా కనపడాలి, దాన్ని ప్లేట్ మార్క్ అంటారు (ఈ గుర్తు కూడా విడిగా నొక్కి పెట్టే ఘనులున్నారట, అందుకే ఇదొక్కటే చూసి సంబరపడొద్దు). నల్ల గీత మీద కన్ను పెట్టి చూస్తే ఇంకు కాయితం మీద కొంచెం లేచి ఉంటుంది, ముగ్గు పిండి పోసినట్టు. రంగు గీత దాటి బయటికి కాస్త పోయి ఉంటే కంగారు పడకండి, అదే మంచి గుర్తు, చేత్తో వేస్తే పోతుంది. నా బొమ్మలో పబ్బు ముందు కూచున్న ముసలాయన ముక్కు ఎరుపు పక్కాయన బుగ్గ మీదకి కూడా కొంచెం పోయింది, ఇద్దరూ కలిసే తాగారు కాబట్టి సరిపోయింది.

తర్వాత ఫ్రేమ్ కష్టాలు. మా టౌన్‌లోనే ఒక ఫ్రేమ్ షాపుకి ఇచ్చా, వారం తర్వాత తెచ్చుకున్నా, గోడకి తగిలించి వెనక్కొచ్చి చూస్తే ఎక్కడో వెలితి. పెన్సిల్ సంతకం లేదు, 112 లేదు, ప్లేట్ మార్క్ లేదు, అన్నీ మౌంట్ అట్ట (బొమ్మకీ అద్దానికీ మధ్యలో పెట్టే కిటికీలాంటి అట్ట) కిందకి వెళ్ళిపోయాయి, ఆ అబ్బాయి నీట్‌గా బొమ్మ అంచుదాకా మూసేశాడు. పాస్‌పోర్ట్ ఫోటోకి చెవులు కత్తిరించినట్టు. మళ్ళీ తీసుకెళ్తే మళ్ళీ చేశాడు గానీ కొత్త మౌంట్‌కి మళ్ళీ డబ్బులు తీసుకున్నాడు, మొత్తం మీద ఫ్రేమ్‌కే 85 పౌండ్లు పడింది. మీరు ఇచ్చేటప్పుడే చెప్పండి, సంతకం, నంబరు, నొక్కుడు గుర్తు మూడూ కనపడాలి, మౌంట్ యాసిడ్ లేని అట్ట కావాలి, అద్దం బొమ్మకి ఆనకూడదు అని. మామూలు చౌక అట్ట అయితే కొన్నేళ్ళకి బొమ్మ అంచు చుట్టూ గోధుమ రంగు గీత వస్తుంది, షాపావిడ దగ్గర అలాంటిది ఒకటి ఉంటే చూపించింది, పాలు మాడిన గిన్నె అంచులాగా ఉంది.

ఎక్కడ తగిలించాలో కూడా చెప్పింది. వాటర్ కలర్ కాబట్టి ఎండ తగిలే గోడకి వద్దు, వెలిసిపోతుంది. వేడి రేడియేటర్ పైన వద్దు, బాత్రూమ్‌లో వద్దు. ఆవిడకి తెలియని మన సమస్యలు ఇంకా రెండున్నాయి. ఒకటి పోపు పొగ, మా వంటిల్లు హాలు కలిసే ఉంటాయి, చిమ్నీ పెట్టినా ఎండుమిరపకాయలు వేగితే హాల్లో అందరూ దగ్గాల్సిందే. రెండు దేవుడి మందిరం, అగరుబత్తి. అందుకే ఆ రెండిటికీ దూరంగా, ఎండ పడని గోడ వెతికితే మిగిలింది సోఫా వెనక గోడే, అంటే నేను మొదట్నుంచీ చెప్తున్న గోడే, అసెంబ్లీలో నేను గెలిచా.

ఇప్పుడు అసలు రివ్యూ చేసినావిడ గురించి చెప్పాలి. మా అత్తయ్యగారు మేలో వచ్చారు ఆరు నెలలకి. వాళ్ళది కందుకూరు వైపు, పొగాకు పండించిన కుటుంబం. వచ్చిన రెండో రోజు జెట్ లాగ్‌లో తెల్లవారుజాము నాలుక్కి లేచి లైటేసుకుని ఈ బొమ్మ ముందు నిలబడ్డారు. నేను లేచి వచ్చేసరికి కళ్ళజోడు పైకి పెట్టుకుని అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నారు.

"అమ్మాయ్, ఈ ఊళ్ళో పొగాకు వేస్తారా?"

"లేదత్తయ్యా, ఇది ఇంగ్లండ్ బొమ్మ, ఇక్కడ పొగాకెక్కడిది?"

"మరి బ్యారన్ ఉందేంటి?" అని వేలు పెట్టి చూపించారు. బ్యారన్ అంటే మంట పెట్టి పొగాకు ఆరబెట్టే కొట్టం.

చూపించింది ఓస్ట్ హౌస్. కెంట్‌లో ఎక్కడికెళ్ళినా కనిపిస్తాయివి, గుండ్రటి ఇటుక గోడ, పైన గరాటు బోర్లించినట్టు కప్పు, కొసన తెల్ల చెక్క టోపీ. నేను ఇన్నేళ్ళు ట్రైన్‌లోంచి చూస్తూ ఏదో రాజుల కాలం నాటి బురుజు అనుకున్నా, అది హాప్స్ ఆరబెట్టే కొలిమి అని ఈ బొమ్మ కొన్నాకే తెలిసింది. కింద మంట, పైన సందుల చెక్కనేల మీద గుడ్డ పరిచి హాప్స్ పోస్తారు, వేడి గాలి పైకెళ్ళి ఆ టోపీలోంచి బయటికి పోతుంది, టోపీ గాలి ఎటు నుంచి వీస్తే అటు వీపు పెట్టి తిరుగుతుంది, లోపలికి వాన రాకుండా. ఇదంతా నేను చెప్తుంటే అత్తయ్యగారు "ఆ, అదే, బ్యారనే" అని తేల్చేశారు. పొగాకు బ్యారన్‌లో మంట చూసుకుంటూ రాత్రంతా కాపలా పడుకున్నారట మావయ్యగారు, వేడి ఎక్కువైతే ఆకు మాడుతుంది, తగ్గితే రంగు రాదు. ఇక్కడ హాప్స్ ఆరబెట్టేవాళ్ళు కూడా కోతల కాలమంతా ఓస్ట్‌లోనే నిద్రపోయేవాళ్ళని ఎక్కడో చదివా, అది చెప్తే "మరి పడుకోరా?" అన్నారు, అదేదో చిన్న పిల్లాడికి కూడా తెలియాల్సిన విషయం అన్నట్టు.

తర్వాత హాప్స్ కోసే కూలీల దగ్గరికొచ్చారు. బొమ్మలో ఆడవాళ్ళు, పిల్లలు, గోనెగుడ్డ తొట్టెల చుట్టూ కూచుని పువ్వులు తుంచుతున్నారు, అందరూ బొద్దుగా, ఎర్ర బుగ్గలతో, నోళ్ళు తెరిచి నవ్వుతూ. లండన్ తూర్పు పక్క బస్తీల్లోంచి కుటుంబాలకి కుటుంబాలు ప్రతి సెప్టెంబరు ఇక్కడికి కోతలకి వచ్చేవి, యాభైల్లో అరవైల్లో మిషన్లు వచ్చేదాకా ఇదే. ఇక్కడ కొందరు పెద్దవాళ్ళు దాన్ని సెలవులాగా గుర్తు చేసుకుంటారు, ఊరి గాలి పీల్చాం అని. కానీ ఉండింది రేకుల కొట్టాల్లో, గడ్డి పరుపుల మీద. అత్తయ్యగారికి ఇది గుంటూరు మిరపకోతలే, కర్నూలు వైపు నుంచి పిల్లాజెల్లాతో బస్సులెక్కి వచ్చే కూలీలే. చాలాసేపు చూసి "కూలికొచ్చినోళ్ళు ఇంత నవ్వుతారా?" అన్నారు.

నేను నాలుగు నెలలు చూసిన బొమ్మ, నాకు తట్టలేదు ఆ మాట. అదే ఈ బొమ్మల్లో నాకు ఇప్పుడు కనిపిస్తున్న లోపం, ఇందుకే అయిదుకి నాలుగు ఇస్తున్నా. ఈ పల్లెల్లో ఎవరికీ నడుము నొప్పి రాదు, వాన పడ్డా అందంగానే పడుతుంది, ఎవరూ ఎవరికీ అప్పు లేరు. తమాషా ఏంటంటే మనూళ్ళో కూడా ఎచింగ్‌లో పల్లెని గీసినాయన ఉన్నాడు, లక్ష్మాగౌడ్ గారు, అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్, 1940లో పుట్టారు, బరోడాలో నేర్చుకున్నారు. హైదరాబాద్‌లో ఒక గ్యాలరీలో ఆయనవి చూశా పెళ్ళికి ముందు, అప్పుడు ఎచింగ్ అంటే ఏంటో తెలీదు. అదే సూది, అదే యాసిడ్, కానీ ఆ ఊళ్ళో మేకల కళ్ళు మనవైపే చూస్తుంటాయి, ఆడవాళ్ళూ మగవాళ్ళూ ముక్కుపుడక దగ్గర్నుంచి మోటు చేతుల దాకా బరువుగా ఉంటారు, ఎవరూ మనల్ని మెప్పించటానికి నవ్వరు. రెండూ పక్కపక్కన తగిలిస్తే ఎలా ఉంటుందో అనుకున్నా, మా ఆయనకి ఆయన బొమ్మల రేటు చూపిస్తే గోడకి టీవీయే బెటర్ అన్నాడు.

అయినా నాకు ఈ బొమ్మ ఇష్టమే, అబద్ధం ఎందుకు. పొద్దున ట్రైన్‌కి పరిగెత్తే ముందు షూ లేసులు కట్టుకునే చోటికి ఎదురుగా ఉంటుంది, రోజుకొకటి కొత్తది దొరుకుతుంది, నిన్న చర్చి గంటల కిటికీలో ఒక పిల్లి కనపడింది. ఆ ఎర్ర బస్సు కాన్వాస్‌లో అయితే మొదటిరోజే బస్సు కనపడుతుంది, ఇక అంతే.

కొనకముందు ఒరిజినల్స్ ఎలా ఉంటాయో ఫ్రీగా చూసుకోవచ్చు. బ్రిటిష్ మ్యూజియంలో ప్రింట్ల స్టడీ రూమ్ ఉంది, ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని రౌలండ్‌సన్‌వి కావాలంటే తెచ్చి మన ముందే పెడతారు, గాజు పెట్టెలో కాదు, బల్ల మీద. ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్‌లో కూడా అలాంటిదే ఉంది, పామర్‌వి అక్కడ బాగా ఉన్నాయి. పెన్సిల్ తప్ప పెన్ను తీసుకెళ్ళొద్దు.

ఇండియా తీసుకెళ్ళేవాళ్ళకి ఒక మాట, ఫ్రేమ్ కట్టించి తీసుకెళ్ళకండి, అద్దం సూట్‌కేసులో పగిలితే బొమ్మ కూడా చీరుకుంటుంది. గొట్టంలో గట్టిగా చుట్టొద్దు, మందపు కాయితం కాబట్టి మళ్ళీ సాపుగా అవదు. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి చీరల మధ్యలో పెట్టుకుని వెళ్ళండి. అక్కడ ఫ్రేమ్ కట్టించాక తేమ గోడకి ఆనించకుండా వెనకాల కొంచెం ఖాళీ వదలండి, చెదలు, ఆ వెండి రంగు పురుగులు కాయితం అంటే పడి చస్తాయి.

అత్తయ్యగారు నవంబరులో వెళ్తున్నారు. మొన్న వంటింట్లోంచి మామూలుగా అడిగినట్టు అడిగారు, ఆ షాపులో బ్యారన్ బొమ్మ ఇంకోటి ఉందన్నావే, అది ఇంకా ఉందా అని. 38వ నంబరు, కుక్క చెవికి రంగు ఉన్నది. ఫోన్ చేసి అడిగితే ఉంది, శనివారం దాకా పక్కన పెడతానంది. ఆ షాపు వారానికి మూడు రోజులే తెరుస్తారు, పదకొండుకి తీసి నాలుగింటికల్లా మూసేస్తారు, కార్డు మిషన్ ఉంది గానీ కింద సిగ్నల్ రాదు కాబట్టి క్యాష్ తీసుకెళ్ళండి. బేరం ఆడొచ్చు, నేను సిగ్గుపడి ఆడలేదు. ఈసారి అత్తయ్యగార్ని తీసుకెళ్తున్నా.